దీపము పెట్టని ఇంటి యెదుట

ధ్యాన భాగము: లూకా 1:39–56



ధారూరు జాతర ముగించుకొని, చాపలు చుట్టుకొని, పిల్లాజెల్లాతో ఇండ్లు చేరిన కొన్ని దినములకే ఆగమనకాలము వచ్చుచున్నది. నవంబరు 27కును డిసెంబరు 3కును నడుమ ఏ తేదీన ఆదివారము పడునో అదియే దానికి మొదటి దినము. దౌల్తాబాదు, కొడంగల్, తాండూరు ప్రాంతములలో అప్పటికి కందిచేలు పూత రాలి కాయ నిండుచుండును. సంఘ యౌవనస్థులు వెదురుబద్దలు చీల్చి, రంగు కాగితము అంటించి నక్షత్రము కట్టుదురు. డోలకు బిగించుకొందురు. ఏ రాత్రి ఏ వీధికి పోవలెనో, ఎవరి ఇంట మొదలుపెట్టి ఎవరి ఇంట ముగింపవలెనో ఒక కాగితముమీద వ్రాసికొందురు.

ఆ కాగితము వ్రాయునప్పుడు ప్రతి సంవత్సరము ఒక ప్రశ్న పుట్టును. ఆ యేడు చావు జరిగిన ఇల్లు ఒకటియైనను ఊరిలో ఉండకపోదు. ఆ ఇంటికి పాటకు పోవచ్చునా? ఏడాది తిరుగకముందు ఆ ఇంట పండుగ లేదని పెద్దలందురు. వారు ఏడ్చుచుండగా మనము డోలకు కొట్టుకొనుచు పోవుట మర్యాద కాదని యౌవనస్థులును అందురు. ఇతర సంగతులలో ఒకరితో ఒకరికి కుదరని ఈ ఇరువురును ఇక్కడ మాత్రము ఏకమగుదురు. పెన్సిలుతో ఆ ఇంటి పేరుమీద ఒక గీత పడును. ఎవరును కఠిన హృదయముతో ఆ గీత గీయరు. దయ తలంచియే గీయుదురు. ఈ నెల మనము ఆ పెన్సిలు గీతను గూర్చి కొంచెము ఆలోచింపవలెనని కోరుచున్నాము.

గీత గీయువారికి వాక్యాధారము లేకపోలేదు. మనస్సు క్రుంగియున్నవాని యెదుట పాటలు పాడుట, చలి దినమున ఒకని ఒంటిమీది బట్ట లాగివేయుట వంటిదని సామెతలు 25:20 బోధించుచున్నది. డిసెంబరు రాత్రులలో మన పల్లెలలో కంబళి విలువ ఎంతయో తెలిసినవారికి ఈ పోలిక గట్టిగా తగులును. కావున ఆ గీతను చూచి తొందరపడి నవ్వరాదు.

మేమును ఒకప్పుడు అట్లే తలంచితిమి. దౌల్తాబాదు వైపున ఒక చిన్న ఊరిలో పాటల బృందముతో తిరుగుచుంటిమి. అక్కడ ఒక ముసలి తల్లి యుండెను. పనికై బొంబాయికి పోయిన ఆమె కుమారుడు ఆ వానకాలములో శవమై ఇంటికి వచ్చెను. ఆమె గల్లీ మొదటికి చేరగానే మాలో పెద్దవాడొకడు చేయి యెత్తెను. డోలకు ఆగెను. నక్షత్రములోని దీపము ఆర్పితిమి. చెప్పుల చప్పుడు కూడ వినబడకుండ అందరమును ఆ మలుపు దాటిపోయితిమి. మంచి పని చేసితిమనియే అనుకొంటిమి. క్రొత్త సంవత్సరపు ఆరాధన ముగిసి జనులు బయటికి వచ్చుచుండగా ఆ తల్లి మా యొద్దకు వచ్చి, కోపమేమియు లేకుండ, ఒక్క మాట అడిగెను: "మా గల్లి మీకు తొవ్వల పడలేదా అయ్యా? పాట ఇనబడ్తదని దర్వాజ తీసే పెట్టుకున్న."

మాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి చలి ఎట్టిదో మాకు జ్ఞాపకమున్నది. ఆ చలిలో ఆమె తలుపు తెరచి కూర్చుండెను.

ఆమె ఆ యేడు పండుగ చేయలేదు. గోడకు సున్నము వేయలేదు. క్రొత్త చీర కట్టలేదు. గరిజెలు చేయలేదు. ఊరి ఆచారము ప్రకారము ఏడాదిని పాటించుచునే యుండెను. అయినను పాట కొరకు కనిపెట్టెను. పండుగయు పాటయు ఒక్కటే అని మేమనుకొంటిమి. అవి రెండని ఆమెకు తెలిసియుండెను. వేదాంత పాఠశాలలో చదివినవారికి తెలియని భేదము అక్షరము రాని తల్లికి తెలియుట మన సంఘములలో ఇది మొదటి సారి కాదు.

ఆగమనకాలపు ఆనందము ఏ జాతి ఆనందమో మొదట చూతము. కనిపెట్టుట అనగా నేమో మన ప్రాంతమువారికి ఒకరు నేర్పనక్కరలేదు. పాలమూరు కూలీలని పేరుపడి తరతరములుగా బొంబాయికి, పూనాకు, హైదరాబాదుకు పోయి కట్టడపు పనులలో బ్రదుకువారు మన ఇండ్లలో ఎందరో యున్నారు. (దౌల్తాబాదు, కొడంగల్ మండలములు 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగరు జిల్లాలోనివే గదా. జిల్లా పేరు మారినది గాని వలస బస్సులు ఆగలేదు.) క్రిస్మసుకు రెండు దినముల ముందు కుమారుడు ఫోను చేసి బస్సు ఎక్కినామని చెప్పినప్పుడు తల్లి యేమి చేయును? కుమారుడు ఇంకను రాలేదు. దారిలో నేమగునో తెలియదు. అయినను లేచి వాకిలి ఊడ్చును, కోడిని గంప క్రింద మూయును, మాటిమాటికి రోడ్డువైపు చూచును. ఆ గడియలో ఆమెకున్నది సంతోషమా, దిగులా? రెండును ఒక్క గుండెలోనే యున్నవి. వచ్చుచున్నాడను మాటను నమ్మి ఇల్లు ఊడ్చుకొను ఆనందమే ఈ నాలుగు వారములకు చెందినది.

అయితే ఆ ఫోను ఇక ఎన్నటికిని రాని తల్లి మాట యేమి? ఇక్కడనే మనము తరచుగా తప్పుచున్నాము. ఆగమనకాలము బేత్లెహేమునకు వచ్చిన రాకడను గూర్చి మాత్రమే కాదు. ప్రభువు మరల వచ్చును, ఆయనయందు నిద్రించినవారు లేతురు అను నిరీక్షణను గూర్చినది కూడ. 1 థెస్సలొనీకయులకు 4వ అధ్యాయము భూస్థాపన దినమున సమాధి యొద్ద చదివి, డిసెంబరు నెలలో మరచుట న్యాయము కాదు. ఆ అధ్యాయము నిజమైనయెడల, ఊరంతటిలో ఈ కాలమును అందరికంటె లోతుగా ఆచరించుచున్నది ఆ తల్లియే. మనము పండుగ కొరకు కనిపెట్టుచున్నాము. ఆమె ప్రభువు కొరకును, ఆయనతో కూడ కుమారుని కొరకును కనిపెట్టుచున్నది. ఆమె ఇంటినే వదలి మిగిలిన ఇండ్లన్నిటికిని పోయితిమి.

ప్రాచీన సంఘము ఈ కాలమును ఉపవాసముతో గడిపెను. 5వ శతాబ్దపు చివరి భాగములో ఫ్రాన్సు దేశములోని టూర్ పట్టణపు బిషప్పు పెర్పెతూయుస్, నవంబరు 11 మొదలు క్రిస్మసు వరకు వారమునకు మూడు దినములు ఉపవాసముండుటకు నియమించెను. తరువాతి కాలమున పాశ్చాత్య సంఘము ఆ ఉపవాసపు నడుమనే, మూడవ ఆదివారమున, ఆనందమునకు చోటు చేసెను. ఆ దినమున ఊదారంగు వస్త్రము తీసి గులాబిరంగు వస్త్రము ధరించుట ఆచారమైనది. ఆ ఆదివారము పేరు ఫిలిప్పీయులకు 4:4లోని ఆనందింపుడను ఆజ్ఞనుండి వచ్చెను. ఆ ఆజ్ఞ వ్రాసిన పౌలు ఆ సమయమున బంధకములలో నుండెను. తనకు విడుదల కలుగునో మరణము కలుగునో తెలియని మనుష్యుడు వ్రాసిన మాట అది. దుఃఖము తొలగిన తరువాత ఆనందింపుడని ఆయన వ్రాయలేదు.

మన మెథడిస్టు సంఘములకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1784లో అమెరికాలోని తన జనులకు ఆరాధనక్రమ గ్రంథమొకటి సిద్ధపరచి పంపెను. పరిశుద్ధుల పండుగ దినములను చాలవరకు అందులోనుండి తీసివేసెను. లెంతు కాలపు ఆదివారములను సహితము విడిచిపెట్టెను. ఆగమనకాలపు నాలుగు ఆదివారములను మాత్రము ఉంచెను. పనికిరాదని తోచిన ఆచారమును కొట్టివేయుటకు వెనుదీయని మనుష్యుడాయన. అట్టివాడు ఉంచినదానిని గూర్చి మనము ఒక నిమిషమాగి ఆలోచించుట మంచిది.

ఇప్పుడు లూకా సువార్త మొదటి అధ్యాయమునకు రండి. దేవదూత మరియ యొద్దకు వచ్చినది నజరేతులో. ఆమె తన కీర్తన పాడినది అక్కడ కాదు. ఆమె లేచి త్వరగా కొండసీమకు ప్రయాణమై, యూదాలోని ఒక ఊరికి పోయి, జెకర్యా ఇంటిలో ప్రవేశించి, ఎలీసబెతునకు వందనము చేసినది. పాట ఆ ఇంటిలో పుట్టినది. ఆ ఇంటి యజమానుని స్థితి ఎట్టిది? నోట మాట లేనివాడై యుండెను. పలుక ఉపయోగించు నాలుక కట్టబడి, సైగలతో కాలము గడుపుచుండెను. ఎన్నో యేండ్లు ఉయ్యాల కట్టని ఇల్లు అది. ప్రభువు రాకడకు ముందు పాడబడిన ఈ గొప్ప కీర్తన, మాట పడిపోయిన మనుష్యుని చూరు క్రింద పాడబడినది. మేము ఈ అధ్యాయమును ఎన్నో డిసెంబరులలో చదివితిమి గాని, ఆ ముసలి తల్లి అడిగిన తరువాతనే ఈ సంగతి మా కన్నులకు కనబడెను.

జెకర్యా మౌనము అతని అవిశ్వాసమునకు కలిగిన శిక్ష. దుఃఖించువారి మౌనము అట్టిది కాదు. బిడ్డను పోగొట్టుకొన్నవారి ఇంటికి పోయి విశ్వాసము తక్కువని చెప్పు నోరు మూతపడుటయే మేలు. కాని ఇంతమట్టుకు పోలిక నిలుచును. జెకర్యాను పాడుమని ఎవరును అడిగినట్లు లూకా వ్రాయలేదు. అతడు పాడలేడని ఆ ఇంటికి పోకుండ మరియ మానలేదు. పాడి వెంటనే వెడలిపోనులేదు. ఇంచుమించు మూడు నెలలు అక్కడనే నిలిచెను. పిమ్మట యోహాను పుట్టి, పేరు పెట్టబడిన దినమున జెకర్యా నోరు తెరువబడెను. వెంటనే అతని నోట వచ్చినది దేవుని స్తుతి. తన ఇంటిలో విన్న పాట ఆ నెలలన్నియు అతనిలో పనిచేయుచుండెనని మేమనుకొనుచున్నాము. ఇది వ్రాయబడిన మాట కాదు, మా ఊహ.

ఆచారము విలువ ఇక్కడ తెలియుచున్నది. హృదయము నిండియున్న దినమున మనుష్యునికి ఆచారము అంతగా అక్కరలేదు. వాడు త్రోవలో నడచుచునే పాడును. హృదయము ఎండిన దినమున వాడు క్రొత్త పాట కట్టలేడు, ఎత్తిన పాటకు చరణము పలుకలేడు. అట్టివానికొరకు ముందే ఎవరో పాట కట్టి యుంచవలెను, ఎవరో నేర్చియుండవలెను, ఎవరో వాని వాకిటికి తీసికొని పోవలెను. 19వ శతాబ్దములో పురుషోత్తమ చౌదరిగారు మన రాగములలోను తాళములలోను కట్టిన కీర్తనలు, ఆయన ముఖమైనను ఎరుగని మన తాతముత్తాతల నోళ్లలో నిలిచినవి. వారిలో చాలమందికి చదువు రాదు. పాటయే వారికి ప్రసంగము, ప్రశ్నోత్తరి, ప్రార్థన పుస్తకము. నేడు సెల్లుఫోను తెరమీద చూచి పాడు మన పిల్లలు, ఫోనులో చార్జి అయిపోగానే రెండవ చరణము దగ్గర ఆగిపోవుట మేము చూచితిమి. పాపము, వారి తప్పేమి? మనము నేర్పలేదు.

పట్టణ సంఘములలో ఈ కాలమున నాలుగు క్రొవ్వొత్తులు పచ్చని ఆకుల వలయములో నుంచి వారమునకొకటి వెలిగింతురు. అది దొరల వేడుక అని కొందరు తలంతురు. దాని పుట్టుక వేరు. 1839లో జర్మనీ దేశములోని హాంబర్గు నగరమున యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అను దైవసేవకుడు దిక్కులేని పేదపిల్లలను చేర్చుకొని పెంచుచుండెను. ఆ పిల్లలు క్రిస్మసు ఎప్పుడు, క్రిస్మసు ఎప్పుడని దినదినము అడుగుచుండగా, ఆయన బండిచక్రమొకటి తెచ్చి, దానిమీద క్రొవ్వొత్తులు నిలిపి, దినమునకొకటి వెలిగించెను. ఇల్లు లేని పిల్లలు దినములు లెక్కపెట్టుకొనుటకు పుట్టిన ఆచారమది.

ఆచారము చెడదా? చెడును. ఇంగ్లాండులో 1647లో పార్లమెంటు క్రిస్మసు పండుగనే రద్దుచేసెను. 1660లో రాజు తిరిగి వచ్చువరకు ఆ చట్టము నిలిచెను. అంత దూరము పోవుట మాకు సమ్మతము కాదు గాని, వారి భయము వట్టి భయము కాదు. న్యాయము లేని జనుల పాటల ధ్వనిని దేవుడు వినలేనని ఆమోసు 5వ అధ్యాయములో తోసివేయుచున్నాడు. మన పాటల బృందములను చూడుడి. కానుకల పుస్తకము మన చేతిలో నుండును. ఐదువందలు వ్రాయించు ఇంటి యెదుట నాలుగు పాటలు, ప్రార్థన, ఆశీర్వాదము. పది రూపాయలిచ్చు గుడిసె యెదుట ఒక పల్లవి, సగము చరణము, ఆపై తరువాతి ఇల్లు. ఎవరును ఇట్లని నియమము చేయలేదు. ఐనను పిల్లలు లెక్క నేర్చుకొనుచున్నారు. పాటల వేళ గుండెలు అదరునట్లు పెట్టెలు పెట్టి మ్రోగించుటను గూర్చి ఇక్కడ వ్రాయము. దానిని గూర్చి చెప్పవలసినవారు చెప్పుచునే యున్నారు, వినవలసినవారికి ఆ మ్రోతలో వినబడుట లేదు.

చావు ఇంటిని వదలిపెట్టుటలో కూడ ఈ లెక్క ఎంతో కొంత కలదేమో అని మా అనుమానము. ఆ ఇంట టీ యుండదు, కానుక యుండదు, నవ్వుముఖము లేదు. అక్కడ నిలిచి పాడుట కష్టము. మర్యాద అను మంచి పేరు క్రింద మన పిరికితనము దాగియుండవచ్చును.

అట్లని దుఃఖపు ఏడాదిని పాటించు ఊరి ఆచారమును మేము తృణీకరించుట లేదు. అదియు ఒక రకమైన ప్రేమయే. చావు జరిగిన ఇంట పొయ్యి వెలుగకముందే చుట్టములు, ఇరుగుపొరుగువారు అన్నము వండి తెచ్చుట మన పల్లెలలో నేటికిని చూచుచున్నాము. పోయినవాడు లెక్కలోనివాడే, వాని చోటు ఖాళీగా నున్నది అని ఊరు ఒప్పుకొనుటయే ఆ ఏడాది యొక్క అర్థము. రామాలో వినబడిన రాహేలు ఏడ్పును మత్తయి క్రిస్మసు కథలోనే వ్రాసెను, ఓదార్పు పొందనొల్లని ఆమెను గద్దింపలేదు. కావున క్రైస్తవులకు దుఃఖము తగదని ఆ ఇంటివారిని బలవంతముగా నవ్వించుటకు పోరాదు. రోమీయులకు 12:15లో సంతోషించువారితోను ఏడ్చువారితోను ఉండవలెనని ఒక్క వచనములోనే చెప్పబడినది. ఒక చెవితో వినుటకు అది వ్రాయబడలేదు.

2020లోను 2021లోను కరోనా వచ్చిన దినములను తలంచుకొనుడి. ఊరికి ఒకటి కాదు, వీధికొకటి చొప్పున దుఃఖపు ఇండ్లైన చోట్లు గలవు. అప్పుడు పెన్సిలు పట్టుకొని గీతలు గీయువారు ఎంతవరకు గీయగలరు? పాడువారి ఇండ్లలోనే గీతలు పడవలసి వచ్చెను.

ఇక ఆచరణ మాట. ఆ ముసలి తల్లి ప్రశ్నకు మరుసటి యేడు మేము ఎట్లు జవాబు చెప్పితిమో వ్రాసెదము. ఇదియే నియమమని కాదు. అప్పటికి ఆమె ఏడాది ముగిసెను గాని, అదే ఊరిలో మరియొక ఇంట, పెండ్లియై రెండేండ్లైనను నిండని కోడలు కాన్పులో చనిపోయెను. ముందుగా స్త్రీల సమాజమునుండి ఇద్దరు ఆ ఇంటికి పోయి, మేము రావచ్చునా అని అడిగిరి. వలదనినయెడల వెళ్లకుండుటకు సిద్ధపడియే అడిగిరి. అత్తగారు కొంతసేపు మాటలాడక, రండు అనెను. ఆ రాత్రి డోలకును తాళములును గల్లీ మొదట ఒక ఇంటి అరుగుమీద ఉంచితిమి. కానుకల పుస్తకమును అక్కడనే వదలితిమి. పుట్టెను, పుట్టెను అను సంతోషపు పాట కాక, రమ్మని ప్రభువును పిలుచు పాటనొకదానిని మెల్లగా రెండు చరణములు పాడితిమి. పాస్టరుగారు చనిపోయిన బిడ్డ పేరు చెప్పి ప్రార్థించిరి. ఆ పేరు విన్నప్పుడు లోపలినుండి ఏడ్పు వినబడెను. మాలో కొందరికి, రాకుండవలసినదేమో అని ఆ క్షణమున తోచెను. ఎవరును కదలలేదు. టీ వలదని ముందే చెప్పితిమి.

మాతో వచ్చినవారిలో గత సంవత్సరపు ముసలి తల్లియు ఉండెను. ఆమెను ఎవరును పిలువలేదు. తానే శాలువ కప్పుకొని వెనుక నడచి వచ్చెను. మేము ఆ వాకిలి విడిచి తరువాతి ఇంటికి పోవునప్పుడు ఆమె మాతో రాలేదు. దర్వాజ దాటి లోపలికి పోయి, ఆ అత్తగారి ప్రక్కన నేలమీద కూర్చుండెను. నెహెమ్యా 8వ అధ్యాయములో, ధర్మశాస్త్రము విని ఏడ్చిన జనులతో, దుఃఖపడక భుజించుడి, తమకొరకు ఏమియు సిద్ధపరచుకొననివారికి వంతులు పంపుడి అని భావము వచ్చునట్లు చెప్పబడినది. క్రిస్మసు దినమున మధ్యాహ్నము ఆ ఇంటికి మూడు ఇండ్లనుండి గిన్నెలు పోయినవని తరువాత వింటిమి. ఎవరు పంపిరో మేము అడుగలేదు.

ఈ సంవత్సరము ఆ ఊరి యౌవనస్థులు ఇండ్ల జాబితా వ్రాసి మాకు చూపిరి. ఏ పేరుమీదను పెన్సిలు గీత లేదు. ఒకటి రెండు పేర్ల ప్రక్కన మాత్రము చిన్న అక్షరములతో "డోలకు లేకుండ" అని వ్రాసియున్నది.